తాగే మందులు – కలిపే తీరు, కొలిచే తీరు

ఈ నెల మనం తాగే మందుల గురించి తెలుసుకుందాం. మాత్ర అయితే ఒకటి అంటే ఒకటే, సగం అంటే సగమే. సీసా మందు అలా కాదు. దాన్ని ఊపాలి, కొలవాలి, కొన్నిటిని ఇంట్లోనే నీళ్ళు పోసి కలపాలి. అంటే కంపెనీలో మొదలైన పని మన వంటింట్లో, తల్లి చేతిలోనో నానమ్మ చేతిలోనో పూర్తవుతుంది. ఆ చివరి పనిలో తేడా వస్తే ఎంత మంచి కంపెనీ మందైనా, ఎంత పెద్ద డాక్టరు రాసిందైనా పనిచేయదు, లేదా పాపకు హాని చేస్తుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపుల నుండి పిల్లల ఓ.పి.కి వచ్చే తల్లులకు మేము ఒక మాట చెబుతుంటాం: ఇంట్లో పాపకు వాడిన సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని రండి అని. ఆ సంచి టేబుల్ మీద పెట్టి చూస్తే జ్వరం సిరప్‌లు రెండు మూడు రకాలు, సగం వాడి వదిలేసిన యాంటిబయాటిక్, చుక్కల మందు, పక్కింటివాళ్ళు ఇచ్చిన దగ్గు మందు, పేరు చెరిగిపోయిన టానిక్ ఒకటి ఉంటాయి. డాక్టరు గారు చూసేలోపు ఆ సంచి చూస్తేనే సగం సంగతి మాకు అర్థమవుతుంది.

కరిగిన మందు, కరగని మందు

గ్లాసు నీళ్ళలో చెంచా చక్కెర వేసి కలపండి. కాసేపటికి చక్కెర కనబడదు. పైనుండి ఒక గుక్క తాగినా, అడుగునుండి తాగినా తీపి ఒకటే. దీన్ని ద్రావణం అంటారు. మందు ఇలా పూర్తిగా కరిగి ఉంటే ప్రతి చుక్కలోనూ సమానంగా ఉంటుంది. ఇప్పుడు ఇంకో గ్లాసులో చెంచా పసుపు కలపండి. కలిపినప్పుడు నీళ్ళంతా పచ్చగా ఉంటాయి గాని, పావుగంట పక్కన పెడితే పసుపు అడుగుకు దిగుతుంది. ఇలా కరగకుండా తేలుతూ, దిగుతూ ఉండే మందును సస్పెన్షన్ అంటారు. సీసా మీద ఆ మాట ఇంగ్లీషులో రాసి ఉంటుంది, చదవడం రాకపోతే షాపులో అడగండి, లేదా సీసాను వెలుతురుకు ఎత్తి చూడండి. అద్దంలా తేటగా ఉంటే కరిగిన మందు. పాలలా, పిండి నీళ్ళలా మసకగా ఉంటే అది ఊపి వాడవలసిన మందు.

ఊపకపోతే ఏమవుతుంది? మొదటి నాలుగు రోజులు పైపైన ఉన్న పలుచటి నీళ్ళే బిడ్డ కడుపులోకి పోతాయి, జబ్బు తగ్గదు. చివరి రోజుల్లో అడుగున చిక్కబడిన మందంతా ఒక్కసారిగా పోతుంది. అసిడిటీకి తాగే తెల్ల మందు విషయంలో ఇది పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. కాని మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ సస్పెన్షన్ సంగతి వేరు. సీసా మొదట్లో మందు చాలక ఫిట్స్ రావడం, సీసా అయిపోయే రోజుల్లో మందు ఎక్కువై పిల్లవాడు తూలుతూ, కళ్ళు తేలేస్తూ, మత్తుగా ఉండటం – ఈ రెండూ ఒకే సీసాతో జరగవచ్చు. మోతాదు మారలేదు, చెంచా మారలేదు, ఊపకపోవడమే కారణం. కనుక అటువంటి మందు ప్రతిసారీ, రోజుకు మూడు సార్లు పోస్తే మూడు సార్లూ, మూత గట్టిగా బిగించి బాగా ఊపి పోయండి.

కరిగిన మందుకు ఒక లాభం ఉంది. మాత్ర కడుపులోకి పోయాక విడిపోవాలి, కరగాలి, ఆ తర్వాతే రక్తంలోకి చేరుతుంది. ద్రావణం ముందే కరిగి ఉంటుంది కనుక త్వరగా పని మొదలుపెడుతుంది. మాత్ర మింగలేని చంటిపిల్లలకు, పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన పెద్దవాళ్ళకు, ముక్కులో గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవాళ్ళకు ఇదే దారి. నష్టం కూడా ఉంది. నీళ్ళున్న చోట క్రిములు పెరుగుతాయి, మందు త్వరగా చెడుతుంది. సిరప్‌లో అంత చక్కెర వేసేది తీపి కోసమే అనుకుంటాం గాని, సాదా సిరప్‌లో బరువు చూస్తే మూడింట రెండు వంతులు చక్కెరే. అంత చిక్కటి పాకంలో క్రిములు బతకలేవు, మన ఊరగాయలో ఉప్పులాగా అన్నమాట. అందుకే సిరప్ చిక్కగా ఉందని సీసాలో నీళ్ళు పోసి పలుచన చేయకండి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు దగ్గు మందు కొనేటప్పుడు చక్కెర లేనిది కావాలని అడగాలి. పిల్లలకు రాత్రి పడుకునే ముందు తీపి మందు పోస్తే, వెనక రెండు గుక్కలు నీళ్ళు తాగించండి, పళ్ళు పుచ్చకుండా ఉంటాయి.

పొడి సీసాలో నీళ్ళు పోయడం

అమాక్సిసిలిన్ వంటి యాంటిబయాటిక్ మందులు నీళ్ళలో ఎక్కువ రోజులు నిలవవు. అందుకే కంపెనీ వాటిని పొడిగా సీసాలో పెట్టి పంపుతుంది. నీళ్ళు మనం పోయాలి. మేము చూసినంతలో ఇక్కడ జరిగే పొరపాట్లే ఎక్కువ.

సీసా మీద 30 మి.లీ. అని రాసి ఉంటుంది. చాలామంది 30 మి.లీ. నీళ్ళు కొలిచి పొడి మీద పోస్తారు. అలా కాదు. పొడి, నీళ్ళు కలిసి 30 మి.లీ. కావాలి. సీసా గాజు మీదనో, అంటించిన కాగితం మీదనో ఒక గీత లేక బాణం గుర్తు ఉంటుంది. అక్కడి వరకే రావాలి. ఎక్కువ పోస్తే ప్రతి చెంచాలో మందు తగ్గుతుంది, తక్కువ పోస్తే చిక్కనవుతుంది. ముందు సీసాను అరచేతి మీద తట్టి పొడిని వదులు చేయండి. గడ్డ కట్టి ఉంటే ఆ సీసా వాడకండి, షాపులో తిరిగి ఇచ్చేయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు సగం వరకు పోసి, మూత పెట్టి బాగా ఊపండి. తర్వాత గీత దగ్గరికి పోసి మళ్ళీ ఊపండి. నురుగు దిగాక చూస్తే మట్టం గీత కిందకు వస్తుంది, అప్పుడు ఇంకొంచెం పోయండి. కొన్ని మందులతో పాటు ప్లాస్టిక్ గొట్టంలో శుద్ధమైన నీళ్ళు కూడా ఇస్తారు, అవి ఉంటే అవే పోయాలి. వేడి నీళ్ళు పోస్తే మందు పాడవుతుంది. పాలు అసలే పోయకూడదు. త్వరగా కరుగుతుందని గోరువెచ్చని పాలు పోసి తెచ్చిన తల్లి ఒకామె మాకు గుర్తుంది. ప్రేమతో చేసిందే గాని ఆ సీసా పారబోయవలసి వచ్చింది.

కలిపిన రోజు తారీఖు సీసా మీద పెన్నుతో రాయండి. సీసా మీద ముద్రించిన గడువు పొడికి మాత్రమే. నీళ్ళు తగిలిన రోజు నుండి లెక్క మారిపోతుంది. చాలా మందులకు అది 7 రోజులు, కొన్నిటికి అంతకంటే తక్కువ, కొన్నిటికి ఎక్కువ. ఆ సంగతి పెట్టె మీదే ఉంటుంది. మొన్న దగ్గుకు వాడగా మిగిలింది కదా అని రెండు నెలల తర్వాత తమ్ముడికి పోయడం వృథా, పైగా ప్రమాదం.

అమాక్సిసిలిన్‌తో క్లావులానిక్ ఆమ్లం కలిసిన మందును కలిపిన తర్వాత ఫ్రిజ్‌లోనే ఉంచాలి. చల్లదనం లేకపోతే క్లావులానిక్ భాగం త్వరగా నిర్వీర్యమవుతుంది. మన మే నెల ఎండల్లో రేకుల ఇంట్లో దాని గతి చెప్పనక్కర లేదు. ఫ్రిజ్‌లో కూడా మంచు గట్టే పై అరలో పెట్టకూడదు. ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్ళు చెప్పడానికి మొహమాటపడతారు, సిగ్గుపడవలసిన పని కాదు. డాక్టరు గారితో "మా ఇంట్లో ఫ్రిజ్ లేదండి" అని ముందే చెప్పండి. నీళ్ళలో అప్పటికప్పుడు కరిగే అమాక్సిసిలిన్ మాత్రలు ఉన్నాయి. చెంచాలో కొంచెం నీళ్ళు వేసి మాత్ర వేస్తే విడిపోతుంది, పాపకు తాగించవచ్చు. చెడిపోయే భయం లేదు, కొలత తప్పే భయం లేదు. మా అభిప్రాయం అడిగితే, పల్లెటూరి ఇళ్ళకు ఇదే మేలు.

నీళ్ళ విషయం వచ్చింది కనుక ఒక మాట. మన పాత నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్‌కు దేశమంతటా పేరు పడింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి కూడా, నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు 1970లలో నల్లగొండ పేరే పెట్టారు. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. ఒక సీసా మందుకు పోసే కొద్ది నీళ్ళతో భయం లేదు గాని, లీటర్ల కొద్దీ ఓ.ఆర్.ఎస్. కలిపేటప్పుడు బోరు నీళ్ళు కాకుండా మిషన్ భగీరథ నీళ్ళో, ఫిల్టర్ నీళ్ళో వాడండి.

కొలత

మన ఇళ్ళలో ఉప్మా తినే చెంచా ఒకటి, టీలో చక్కెర వేసేది ఒకటి, ఊరగాయ జాడీలో ఉండేది ఒకటి. మందు చీటీలో "ఒక టీస్పూన్" అని రాస్తే దాని అర్థం 5 మి.లీ. ఇంట్లో చెంచాల్లో కొన్ని 3 మి.లీ. కూడా పట్టవు, కొన్ని 7, 8 పడతాయి. అందువల్ల సీసాతో వచ్చిన కప్పు గాని, గీతలున్న సిరంజి గాని వాడండి. సూది లేని 5 మి.లీ. సిరంజి ఏ మందుల షాపులోనైనా కొన్ని రూపాయలకే దొరుకుతుంది. కప్పును చేత్తో ఎత్తి పట్టుకుని పోయకుండా, బల్ల మీద పెట్టి, కన్ను గీత ఎత్తుకు దించి చూడాలి. ఒక మందు డ్రాపర్‌తో ఇంకో మందు కొలవకూడదు, గీతలు ఒకేలా కనబడినా చుక్క సైజు వేరు. ఉగ్గుగిన్నెతో తాగించవచ్చు గాని, ముందు సిరంజితో కొలిచి గిన్నెలో వేయండి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి, మందు బలం. పిల్లలందరికీ వాడే పారాసిటమాల్ మూడు రకాలుగా దొరుకుతుంది. చుక్కల మందులో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. ఒక రకం సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా., ఇంకో రకంలో 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉంటుంది. చుక్కల సీసా చిన్నది కనుక అందులో మందు పలుచగా ఉంటుందని అనుకుంటారు. నిజానికి అన్నిటికంటే చిక్కనిది అదే.

ఆ మధ్య మునగాల వైపు ఒక ఊరి నుండి ఏడాది వయసు పాపను తెచ్చారు. బరువు 10 కిలోలు. రెండు రోజుల జ్వరం తగ్గింది గాని వాంతులు, పాలు ముట్టడం లేదు, మబ్బుగా ఉంది. పిల్లను చూసుకునేది నానమ్మ. తల్లి నాట్లకు పోతుంది. మా సిస్టర్ సంచి చూసి, "పెద్దమ్మా, ఈ చుక్కల మందు దేంతో పోశారు?" అని అడిగింది. ఆమె ఇంకో సీసా కప్పు చూపించి, "ఐదు ఎం.ఎల్. అని చెప్పిండ్రు సిస్టరమ్మా, నేను ఐదే పోసిన. ఎక్కువ పోయలే" అన్నది. ఆమె చెప్పింది నిజమే. అంతకు ముందు నెలలో సిరప్‌కు చెప్పిన 5 మి.లీ. ఆమెకు బాగా గుర్తుంది. ఈసారి సీసా మారింది, అంతే. సిరప్ అయితే ఆ కప్పుతో 125 మి.గ్రా. పోయేది, చుక్కల మందు కనుక 500 మి.గ్రా. పోయింది. అలా రెండు రోజుల్లో ఆరు సార్లు.

10 కిలోల పాపకు ఒక మోతాదు ఎంత? కిలోకు 10 నుండి 15 మి.గ్రా., అంటే ఎక్కువలో ఎక్కువ 150 మి.గ్రా. చుక్కల మందయితే ఒకటిన్నర మి.లీ., 125 సిరప్ అయితే 6 మి.లీ., 250 సిరప్ అయితే 3 మి.లీ. మూడు సీసాలు, మూడు కొలతలు, లోపలికి పోయే మందు మాత్రం ఒకటే. మోతాదుకు మోతాదుకు మధ్య 6 గంటలు ఉండాలి, రోజుకు నాలుగు సార్లు మించకూడదు. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం దెబ్బ తింటుంది. మొదటి రోజు పైకి ఏమీ కనబడకపోవచ్చు, అదే దీనిలో మోసం. ఆ పాపకు రక్తపరీక్షలు చేసి, విరుగుడు మందు సెలైన్‌లో ఎక్కించి, ఐదు రోజులు వార్డులో ఉంచాం. కోలుకుని వెళ్ళింది. నానమ్మను ఎవరూ ఒక్క మాట అనకూడదని కొడుకుకూ కోడలికీ మేమే చెప్పాం. ఆమెకు సీసా మీద అక్షరాలు చదివి వినిపించినవాళ్ళు ఎవరూ లేరు.

ఇంకొక చిక్కు, జలుబు సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి పోస్తే ఒకే మందు రెండింతలు పోయినట్టే. అందుకే సంచి తెమ్మంటాం. మూడు నెలల లోపు పసికందుకు జ్వరం వస్తే ఇంట్లో ఏ చుక్కలూ పోయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

పోసేటప్పుడు బిడ్డను కూర్చోబెట్టి గాని, తల ఎత్తి ఒడిలో పట్టుకుని గాని, సిరంజిని బుగ్గ లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా వదలండి. ముక్కు మూసి, వెల్లకిలా పడుకోబెట్టి పోయడం మన ఇళ్ళలో పాత అలవాటు. దానివల్ల మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పాలసీసాలో మందు కలపవద్దు, బిడ్డ సగం తాగి వదిలేస్తే ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. తాగిన వెంటనే కక్కితే మళ్ళీ పోసే ముందు నర్సును గాని డాక్టరును గాని అడగండి.

కొన్ని మందుల్లో కొలత చాలా చిన్నదిగా ఉంటుంది. ఆరు నెలల నుండి ఐదేళ్ళ పిల్లలకు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండు సార్లు, ఒక్కోసారి 1 మి.లీ. మాత్రమే. "ఇంత కొంచెమా?" అని చెంచా నింపి పోసేవాళ్ళున్నారు. ఐరన్ ఎక్కువైతే చిన్నపిల్లలకు విషమే. ఆ సీసా పిల్లలు ఎక్కి అందుకునే చోట పెట్టకండి. విటమిన్ ఎ ద్రావణం కూడా అంతే. తొమ్మిదో నెలలో 1 మి.లీ., ఏడాదిన్నర నుండి ఆరు నెలలకోసారి 2 మి.లీ., దానితో వచ్చిన చెంచాతోనే ఇస్తారు. ఎప్పుడు ఇచ్చారో కార్డు మీద రాయించుకోండి.

నీళ్ళు, ఉప్పు, చక్కెర

తాగే ద్రావణాలన్నిటిలో ఎక్కువ ప్రాణాలు నిలబెట్టింది ఏదంటే మేము ఓ.ఆర్.ఎస్. అనే చెబుతాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చినప్పుడు బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజ్, సోడా కొలిచి ప్యాకెట్లు కట్టించి, నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పెట్టించారు. రోగుల బంధువులే గ్లాసులతో ముంచి తాగించారు. అంతకు ముందు నూటికి 30 మంది వరకు పోతుండగా, మరణాలు నూటికి నలుగురి లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు.

పేగు గోడలో చక్కెర, ఉప్పు జంటగా లోపలికి పోయే దారి ఒకటి ఉంది. విరేచనాలు ఎంత తీవ్రంగా ఉన్నా ఆ దారి మూసుకోదు. ఆ జంట వెంట నీళ్ళు లోపలికి పోతాయి. కాని రెండూ లెక్కగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి చెబుతున్న లెక్క ప్రకారం లీటరు నీళ్ళకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. చక్కెర ఎక్కువైతే అది నీళ్ళను పేగులోకి తిరిగి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

షాపుల్లో లీటరు ప్యాకెట్లు ఉన్నాయి, ఒక గ్లాసుకు, అంటే 200 మి.లీ.కి సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి. పెద్ద ప్యాకెట్ గ్లాసు నీళ్ళలో కలిపితే ఉప్పు ఐదింతలవుతుంది. పసిపిల్లలకు అది ప్రాణాంతకం. పెద్ద ప్యాకెట్‌లో చిటికెడు చిటికెడు తీసి కలపడం కూడా తప్పే, ఏ చిటికెలో ఏ ఉప్పు వచ్చిందో తెలియదు. లీటరు నీళ్ళ సీసా కొలతకు పెట్టుకుని ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. కలిపాక కాచకూడదు. 24 గంటల తర్వాత మిగిలింది పారబోయండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళ లోపు పిల్లలకు పావు నుండి సగం గ్లాసు, అంతకు పైబడిన పిల్లలకు సగం నుండి ఒక గ్లాసు, చెంచాతో నెమ్మదిగా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. దీనితో పాటు జింక్ 14 రోజులు, ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మి.గ్రా., రెండు నుండి ఆరు నెలల వారికి 10 మి.గ్రా. మూడో రోజుకే విరేచనాలు ఆగాయని జింక్ ఆపేస్తారు, పూర్తిగా వాడాలి. ప్యాకెట్ దొరికే వరకు ఉప్పు వేసిన గంజి, పలుచటి మజ్జిగ తాగించండి.

ఇక్కడ హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి సంగతి చెప్పాలి. అట్టపెట్టె జ్యూసుల మీద ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టి మందుల షాపుల్లోనే అమ్మేవారు. వాటిలో చక్కెర పైన చెప్పిన లెక్కకు ఎన్నో రెట్లు. విరేచనాల పిల్లలకు తల్లిదండ్రులు వాటిని నమ్మి తాగించేవారు. ఆమె దాదాపు ఎనిమిదేళ్ళు దీని మీద పోరాడి, తెలంగాణ హైకోర్టులో కూడా వ్యాజ్యం వేశారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సరైన లెక్క లేని ఏ పానీయం పేరులోనూ ఓ.ఆర్.ఎస్. అన్న మాట ఉండకూడదని ఆదేశించింది. రంగు, రుచి చూసి కాదు, ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

దగ్గు మందు

2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు చెడి మరణించిన వార్త మీరు వినే ఉంటారు. ఆ సిరప్ తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. పరీక్షిస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48 శాతం పైగా ఉంది. ఉండదగిన హద్దు 0.1 శాతం. మన తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా అప్పట్లో ఆ సిరప్ వాడవద్దని హెచ్చరిక ఇచ్చింది.

ఇది ఎలా వస్తుంది? మందులన్నీ నీళ్ళలో తేలికగా కరగవు. కరిగించడానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటి ద్రవాలు వాడతారు. మందుల తయారీకి పనికివచ్చే శుద్ధమైన రకానికి బదులు పరిశ్రమల్లో వాడే చౌక రకం వచ్చినా, పరీక్షించకుండా వాడినా ఈ విషం దానితో పాటు వస్తుంది. అదీ తియ్యగానే ఉంటుంది, వాసన ఉండదు, నాలుకకు పట్టుబడదు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును ఇదే ద్రవంలో కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో పిల్లలు పోయారు. దాదాపు తొంభై ఏళ్ళుగా తెలిసిన విషం ఇంకా పిల్లల సీసాల్లోకి రావడం మాకు బాధ కలిగిస్తుంది, కోపమూ కలిగిస్తుంది. పరీక్ష చేయవలసింది కంపెనీ, అధికారులు. తల్లి ఇంట్లో కూర్చుని దాన్ని కనిపెట్టలేదు.

తల్లి చేయగలిగింది ఒకటి ఉంది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వకూడదని, ఐదేళ్ళ లోపు మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. పిల్లల దగ్గు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్ళు, తల్లిపాలు, ఏడాది దాటిన పిల్లలకు అర చెంచా తేనె చాలు. ఏడాది లోపు తేనె వద్దు. ఊపిరి లెక్కించడం నేర్చుకోండి: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు పొట్ట కదలిక చూడాలి. రెండు నెలల నుండి ఏడాది లోపు బిడ్డకు 50 గాని అంతకు మించి గాని, ఏడాది నుండి ఐదేళ్ళ వరకు 40 గాని అంతకు మించి గాని ఉంటే, లేదా డొక్కలు లోపలికి పోతుంటే, సిరప్ కోసం షాపుకు కాదు, ఆస్పత్రికి పరుగెత్తండి. ఏ సిరప్ తాగిన తర్వాతైనా బిడ్డకు మూత్రం బాగా తగ్గినా, ఆగినా సీసాతో సహా వెంటనే రండి. పెద్దవాళ్ళకు కూడా ఒక మాట: జలుబు సిరప్‌లలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ నిద్ర తెప్పిస్తుంది. విజయవాడ హైవే మీద లారీ నడిపేవాళ్ళు, మిల్లులో మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు అది తాగి పనికి పోకూడదు.

సీసాలు పెట్టే చోటు

చెవి చుక్కల సీసా, కంటి చుక్కల సీసా ఒకే సైజులో ఉంటాయి. రాత్రి కరెంటు పోయినప్పుడు చెవి మందు కంట్లో వేసుకుని వచ్చినవాళ్ళు ఉన్నారు. వాటిని వేరు వేరు డబ్బాల్లో పెట్టండి. కంటి చుక్కలు మూత తీసిన నెల తర్వాత వాడకూడదు. అయోడిన్, పుక్కిలించే మందు, పూసే లోషన్ వంటివి తాగే మందుల పక్కన ఉంచవద్దు.

మనది వరి పండే ప్రాంతం. సాగర్ ఎడమ కాలువ కింద ఏ ఇంట్లో చూసినా పురుగుమందు ఉంటుంది. మిగిలిన పురుగుమందును కూల్‌డ్రింక్ సీసాలో, పాత టానిక్ సీసాలో పోసి గూట్లో పెట్టడం మేము చాలా ఇళ్ళలో చూశాం. పిల్లవాడికి ఆ సీసా తెలుసు, అందులో తియ్యటి మందు ఉండేదని తెలుసు. పురుగుమందు దాని డబ్బాలోనే, తాళం వేసిన చోట ఉండాలి. ఖాళీ అయిన మందు సీసాను కడిగి ఇంకొకదానికి వాడకండి. మూత, కాగితం తీసి చెత్తబండికి ఇవ్వండి. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించకుండా, ఉప్పునీళ్ళు పోయకుండా, ఆ సీసా పట్టుకుని 108కు ఫోన్ చేయండి.

మందు కలపడం, కొలవడం మీద అనుమానం ఉన్నవారు ఓ.పి. మందుల కిటికీ పక్కన ఉన్న సిస్టర్ దగ్గరకు సీసాతో రండి. మొదటి మోతాదు అక్కడే మీ చేత్తో కొలిపించి, సిరంజి మీద మీ బిడ్డ కొలత దగ్గర చెరగని పెన్నుతో గీత గీసి ఇస్తారు. ఆ గీత ఆ ఒక్క సీసాకే. సీసా మారితే మళ్ళీ రండి.